ఎదుటి పళ్లెంలో తూకం మామ

తూకం మామ పోయాడన్న మాట మొన్న మంగళవారం బడి గేటు దగ్గర తెలిసింది. చెప్పింది లారీ డ్రైవరు. సైకిలు దిగకుండానే ఒక కాలు నేలకు ఆనించి, "మేష్ట్రూ, మామ లేడప్పా. పొద్దున్నే నెత్తురు కక్కుకున్నాడంట. ఆస్పత్రికి తీసుకపోయేలోగానే అయిపోయింది" అన్నాడు.

నేను ఏడవలేదు. స్టాఫ్ రూములోకి వెళ్లి, గోడకున్న అద్దాన్ని మేకు నుంచి తీసి, కిటికీ వెలుతురుకు పట్టుకుని, కింది రెప్ప లాగి నా కళ్లు చూసుకున్నాను. తెల్లగా ఉన్నాయా, పచ్చబడ్డాయా? ఒకసారి తెల్లగానే ఉన్నట్టుంది, ఇంకోసారి లేదు. ఒక మనిషి చనిపోయాడని వినగానే నేను చేసిన మొదటి పని అది. సిగ్గుగానే ఉంది. కానీ దాచుకుంటే ఇక మిగిలినదంతా అబద్ధంగా రాయాల్సి వస్తుంది.

మేము నలుగురం. తూకం మామ, లారీ డ్రైవరు, బస్టాండులో పూలమ్మే అక్క, నేను. నలుగురిదీ ఒకటే జబ్బు. కాలేయం కొంచెం కొంచెంగా గట్టిపడిపోతుంది. తగ్గేది కాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే. అది మొరాయించినప్పుడు కడుపులో నీరు చేరుతుంది, పాదాలు పొంగుతాయి, కళ్లు పచ్చబడతాయి. లోపల రక్తనాళం చిట్లితే నోట్లోంచి నెత్తురు పడుతుంది. ఈ చివరిదాని గురించి మాలో ఎవరూ పైకి మాట్లాడేవాళ్లం కాదు. ఇప్పుడు అది మాలో ఒకరికి జరిగింది. మిగిలింది ముగ్గురం.

ఆయన నాకు వరసకు ఏమీ కాడు. పావగడ శెనక్కాయల మండీలో నలభై ఏళ్లు తూకం వేసిన మనిషి. అందుకని ఊరందరికీ తూకం మామ. సాయంత్రం శవం దగ్గరికి వెళ్తే, ఇంటి ముందు బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దమనిషి పక్కవాడితో అంటున్నాడు: "లివరు పోయిందంటే తాగుడే గదప్పా. మనకు కనపడకుండా తాగినాడేమో పాపం."

ఆ "పాపం" అన్న మాటకు నా ఒళ్లు మండింది. అరిచాను. ఇరవై ఏళ్లుగా సంఘం మీటింగుల్లో అరుస్తున్న గొంతే కాబట్టి బాగానే లేచింది. మామ భార్య లోపలి నుంచి వచ్చి, "మేష్ట్రూ, ఈడ గొంతెత్తొద్దు సామీ. ఆయప్పకు గొడవ పడదు" అంది. నోరు మూసుకున్నాను. అక్కడ అరవలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ఆయన జన్మలో సారాయి ముట్టలేదు. బెంగళూరు పెద్దాసుపత్రిలో మొదటిసారి ఒక కుర్ర డాక్టరు తలెత్తకుండానే కన్నడంలో, "రోజుకెంత తాగుతావ్?" అని అడిగాడట. మామ చేతులు కట్టుకుని, "నీళ్లకే ట్యాంకరు కాడ బిందెలతో కొట్టుకుంటాండాము స్వామీ. ఇంక సారాయి యాడ తాగల్ల?" అన్నాడట. డాక్టరు అప్పుడు తలెత్తాడట. ఈ సంగతి మామ ఎన్నిసార్లు చెప్పినా చివర తనే ముందు నవ్వేవాడు.

మరి ఆయన కాలేయం ఎందుకు పాడైంది? ఖచ్చితంగా చెప్పలేమన్నారు. కానీ ఒక పెద్ద డాక్టరమ్మ ఆయన పని ఏమిటో, తిండి ఏమిటో కూర్చోబెట్టుకుని అడిగింది. బూజు పట్టిన వేరుశెనగ గింజలు ఏళ్ల తరబడి తింటే కాలేయానికి చేటని, అదీ ఒక కారణం కావచ్చని చెప్పింది. తక్కెడ కింద రాలిన కాయ తూకం వేసేవాడిదే అన్నది మండీ ఆచారం. ఎండ కాసినన్నాళ్లు కాసి, తీరా కాయ పీకి కుప్పేసిన రోజున వాన పడే కరువు మనది. తడిసిన కాయ నల్లబడుతుంది. మంచి కాయ రైలెక్కి ఎక్కడికో పోతుంది, నల్ల కాయ మన పొడిలోకి, మన చట్నీలోకి, మన పిల్లల జేబుల్లోకి వస్తుంది. మామ రోజంతా పిడికెడు నములుతూనే ఉండేవాడు. చేదు గింజ తగిలినా ఉమ్మేవాడు కాదు. "చేదుదంతా ఉమ్మేస్తే తినేదేముంటాదిలే" అనేవాడు. దీని మీద నేనొక కరపత్రం రాసి, సొంతంగా అచ్చేయించి తాలూకా అంతా పంచాను. వారం తిరక్కుండా సంతలో వేయించిన శెనక్కాయలు ఆ కరపత్రంలోనే పొట్లం కట్టి ఇచ్చారు. మామ ఆ పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టి, "నీ రాత జనం చేతికి అందింది మేష్ట్రూ" అన్నాడు.

మేము కలిసింది బెంగళూరు బస్సులో. ఆరేళ్ల కిందట. నాకు జబ్బు బయటపడి నెల కూడా కాలేదు. సూది ఉడకబెట్టకుండా పొడిచిన చేతులెవరివో నాకు తెలియదు గానీ, సూది వల్లే వచ్చి ఉంటుందన్నారు డాక్టర్లు. ఇంట్లో కూడా సరిగ్గా చెప్పలేదు. ఆసుపత్రి ఫైలును దినపత్రికలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. పక్కన కూర్చున్న పెద్దాయన చాలాసేపు ఆ కాగితం మడత వైపు చూసి, తన సంచీలోంచి అదే రంగు ఫైలు సగం బయటికి లాగి చూపించాడు.

"నీదీ అదేనా?"

తలూపాను. బస్సులో అందరి ముందూ ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. కిటికీ తెరిచి, "గాలి తగలనీ" అన్నాడు. కొంచెం సేపయ్యాక, "ఉప్పు మానేసినావా? ఊరగాయ?" అని అడిగాడు. ఆ తర్వాత దారి పొడుగునా ఉప్పు లేని సంగటిని గొంతు దించడం గురించే మాట్లాడాడు. నిమ్మకాయ పిండుకోమన్నాడు. నేను బతుకుతానా చస్తానా అని వణుకుతుంటే ఆయన నిమ్మకాయ గురించి చెబుతున్నాడు. బతికేవాళ్లతో మాట్లాడినట్టు నాతో మాట్లాడిన మొదటి మనిషి ఆయన.

వారానికోసారి బరువు చూసుకోండి, ఉన్నట్టుండి పెరిగితే అది నీరు, వెంటనే రండి అని ఆసుపత్రిలో చెప్పేవాళ్లు. చూసుకునే మిషను ఎవరి దగ్గరుంది? ఆ సంవత్సరం వాన లేదు, కాయ లేదు. మండీ షెడ్డులో దూలానికి గొలుసులతో వేలాడే పెద్ద తక్కెడ ఊరికే గాలికి ఊగుతోంది. ఒకవైపు చెక్క పళ్లెం మీద మూట, ఇంకోవైపు పళ్లెంలో ఇనుప రాళ్లు పెట్టి తూచే రకం. మామ అన్నాడు: "ఈ ఏడు కాయ ఎట్లాగూ రాలేదు. మనమన్నా ఎక్కుదాం రాండప్పా."

అట్లా మొదలైంది మా గురువారం. సాయంత్రం షెడ్డులో చేరేవాళ్లం. ముందు ఎండలోకి మొహం తిప్పి ఒకరి కళ్లు ఒకరం చూసేవాళ్లం. తర్వాత ఒక్కొక్కరం పళ్లెంలో మూటలాగా గొంతుక్కూర్చునేవాళ్లం. మామ రాళ్లు పెట్టి బరువు చెప్పేవాడు. కరువు తాలూకాలో అందరూ చిక్కిపోతామని భయపడితే, మేము పెరుగుతామని భయపడేవాళ్లం. ఆయన ఎంత ఉంటే అంత చెప్పేవాడు. ఒక గురువారం పూలక్క, "కొంచెం తగ్గించి చెప్పరాదా మామా, ఈ పొద్దు నా కూతురి పుట్టినరోజు" అని బతిమాలింది. "కూతురి కోసమే చెప్తాండా" అన్నాడాయన. మొదటి కాన్పులో ఎక్కించిన రక్తంతో వచ్చిందామె జబ్బు. ఆ కూతురిదే పుట్టినరోజు.

లారీ డ్రైవరు మాత్రం నిజంగానే తాగి తెచ్చుకున్నవాడు. మానేశాడు, కానీ ఆలస్యంగా. మొదట్లో నాకు అతనితో కూర్చోవడం ఇష్టం లేదు. "మనవి తెలియక వచ్చినవి మామా. ఇతనిది కొని తెచ్చుకున్నది" అన్నాను, అతను వింటుండగానే.

మామ రాయి కింద పెట్టాడు. "మేష్ట్రూ, నీ మీటింగుల్లో మనుషులంతా ఒకటే అని అరుస్తావు గదా. ఇది మీటింగు కాదనా?"

డ్రైవరు పగలబడి నవ్వాడు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ప్రభుత్వమే వేలం వేసి ఊరూరా సారాయి పోయిస్తోందని, తాగినవాడిని తిట్టి పోయించినవాడిని వదిలేస్తున్నారని వ్యాసాలు రాసినవాణ్ణి నేను. "మూటలో ఏముండాదని తక్కెడ అడగదప్పా. ఎక్కు" అని మామ డ్రైవరు చెయ్యి పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి డ్రైవరు పక్కనే కూర్చున్నాను. శవం దగ్గర "తాగినాడేమో" అన్న మాటకు నేను అరిచినప్పుడు డ్రైవరు తల దించుకున్నాడు. అది చూశాక గానీ, నేను మళ్లీ అదే గీత గీస్తున్నానని నాకు తట్టలేదు. ఆయన తాగలేదు, నిజం. తాగి ఉన్నా ఆయన ఆయనే.

పోయిన వేసవిలో ఒక గురువారం మామ రాళ్లు పెట్టి, ఆగి, నన్ను దిగమన్నాడు. జేబులు ఖాళీ చేయించాడు. సుద్దముక్కలు, పెన్ను, ఎవరో ఇచ్చిన రసీదు. మళ్లీ ఎక్కించాడు.

"మూడున్నర కేజీలు పెరిగినావు. ఇది తిండి కాదు, నీళ్లు. ఈ పొద్దే బస్సెక్కల్ల."

నాకు పళ్లెం మీంచి కాళ్లు దిగలేదు. గొలుసు వదల్లేదు. రేపు పరీక్షలని, ఎల్లుండి పోతానని ఏదో అన్నాను.

"భయపడ్తాండావు గదా?" అన్నాడు మామ. "భయపడు. తప్పు లేదు. బస్సులో కూర్చోని భయపడు. ఆడిదాకా నేనొస్తా."

వచ్చాడు. వార్డులో నా కడుపులోంచి సీసాల కొద్దీ నీరు తీస్తుంటే తలవైపు నిలబడి, పైనున్న ఫ్యాను ఎంత నెమ్మదిగా తిరుగుతోందో దాని మీద జోకులు వేశాడు. నాలుగో రోజు తిరిగి వచ్చేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని బస్సు దిగాడు. "ఎండకు చెప్పు వారు బిగిసిందిలే" అన్నాడు. నమ్మాను. ఆయన పాదాల మీద చెప్పు వారు పడిన చోట గుంటలు నాకు కనిపించాయి. కనిపించినా చూడలేదు. నా ప్రాణం నిలిచిందన్న సంబరంలో ఇంకొకరి పాదాలకు చోటు లేకపోయింది.

పోయిన గురువారం పూలక్క అడిగింది. "మామా, నిన్నెవరు తూస్తారు?"

"నేను పొద్దున్నే చూసుకుంటాలే." ఆరేళ్లుగా ఆయన ఇదే చెప్పాడు, మేము ఆరేళ్లుగా సరేనన్నాం.

"నా మూర నేనే కొలుచుకుంటా, చెయ్యి నాదే కాబట్టి. పళ్లెంలో కూర్చున్నోడు అవతల రాళ్లెట్ల పెట్టుకుంటాడు మామా?"

ముగ్గురం ఎక్కి దిగాం, ఆరేళ్లు. ఆయన చేతులు మా బరువు మోస్తూనే ఉన్నాయి. లోకంలో ఎవడి శ్రమ ఎవడు తింటున్నాడో లెక్కలు తీసి చూపించే నాకు, ఆ మనిషి ఎన్నడూ తక్కెడ ఎక్కలేదన్న సంగతి తట్టలేదు.

"ఎక్కు మామా" అన్నాడు డ్రైవరు.

కాసేపు పెనుగులాడి ఎక్కాడు. కళ్లు మూసుకున్నాడు. "ఎంతుండాదో నాకు చెప్పొద్దండప్పా" అన్నాడు. ఎవరికీ ఎన్నడూ దాచని మనిషి. డ్రైవరు రాళ్లు పెడుతూ పోయాడు. ఇరవై, ఇంకో ఇరవై, ఇంకో ఇరవై. అయిదు. రెండు. అరవై ఏడు దగ్గర ముల్లు నిలబడింది. ఎముకల గూడు లాంటి భుజాలున్న మనిషి అరవై ఏడు కేజీలు! మిగతాదంతా నీళ్లే.

"తగ్గినావు మామా" అన్నాడు డ్రైవరు.

మామ కళ్లు తెరవకుండానే నవ్వాడు. "ఏ రాయి ఏ సప్పుడు చేస్తాదో నాకు తెలీదేంరా? నలభై ఏండ్లు ఇన్నా." మెల్లగా దిగాడు. సోమవారం బెంగళూరు పోదామనుకున్నాం. సోమవారం నీరసంగా ఉందని, మరుసటి రోజు పోదామన్నాడు. ఆ మరుసటి రోజే మంగళవారం.

మళ్లీ గురువారం వచ్చింది. ముగ్గురం ఎవరూ పిలవకుండానే షెడ్డుకు చేరాం. మండీకి కాయ రాలేదు కాబట్టి తక్కెడను ఎవరూ ముట్టుకోలేదు. రాళ్ల పళ్లెం నేలకు ఆనుకుని ఉంది. అందులో మూడు ఇరవైలు, ఒక అయిదు, ఒక రెండు, డ్రైవరు పెట్టినవి పెట్టినట్టే. ఇవతలి చెక్క పళ్లెం ఖాళీగా పైకి లేచి ఉంది.

పొద్దున నా చెప్పు వారు కొంచెం బిగుతుగా అనిపించింది. అవునో కాదో తెలియదు. చూసుకోకుండా ఉండలేను. పూలక్క నా కళ్లు ఎండకు తిప్పి చూసింది. "తెల్లగానే ఉండాయి. ఎక్కు మేష్ట్రూ" అంది. డ్రైవరు రాళ్లు తీయడానికి వంగి, తీయలేక, నావైపు చూశాడు.

"ఉండనీ" అన్నాను.

గొలుసు పట్టుకుని ఎక్కి కూర్చున్నాను. పళ్లెం కొంచెం ఊగింది, అంతే. కిందికి దిగలేదు. అవతల ఆయన బరువు నేలమీద కదలకుండా ఉంది. ఇవతల నా కాళ్లు గాలిలో ఉన్నాయి.