గంట లేని సైకిలు

మొన్న బజారులో పంక్చరు దుకాణం ముందు నిలబడ్డాను. ట్యూబు మీద గరుకు కాగితం రుద్దుతున్న చప్పుడు, వెంటనే సొల్యూషన్ వాసన. ఇంతలో వెనకనుంచి ఎవరో సైకిలు గంట కొట్టారు. నేను ఉలిక్కిపడ్డాను. నా సైకిలుకూ గంట ఉంది. ఇన్నేళ్లలో దాన్ని ఒక్కసారి కూడా మోగించలేదు. ఎందుకో ఊరికి తెలియాలి. ఊరు ఇప్పటికీ నర్సింలు ఉస్తాద్‌ను మోసగాడనే అనుకుంటోంది.

పెద్ద యుద్ధం నడిచిన రోజుల్లో సిద్దిపేటలో ఏటా సైకిల్ పందెం పెట్టేవారు. మిరుదొడ్డి దాకా మట్టిబాటలో పోయి రావాలి. ఉస్తాద్ సైకిళ్లు బాగుచేసేవాడు. కొత్త టైర్లు దొరకని ఆ కాలంలో పాత టైరు ముక్కలు లోపల పరిచి బండి నడిపించేవాడు. మోకాలు దెబ్బతిని తాను తొక్కలేకపోయినా, బాలయ్య అనే నేతపనివాడిని ఏడాదంతా తయారుచేసేవాడు. నేను మా బాపు బట్టల దుకాణం నుంచి తప్పించుకుని అక్కడే కూర్చునేవాణ్ణి. నా చేతిరాత బాగుంటుందని ఉస్తాద్ నన్ను మున్షీ అని పిలిచేవాడు. చక్రం వంకర తీయడం నేర్పింది ఆయనే. "ముందుగాల తిప్పి చూడు మున్షీ. వంకర ఏడున్నదో చక్రమే చెప్తది. నువ్వు చెప్పకు" అనేవాడు.

అక్కడ చేరిన వాళ్లందరికీ ఒకటే పని, పందెం కమిటీని తిట్టుకోవడం. కమిటీలో ఎనిమిదిమంది పెద్దమనుషులు. ఒక్కరికీ సైకిలు తొక్కడం రాదు. ఒక ఏడు తహసీల్దారు భోజనం ముగిసేదాకా పందెగాళ్లను ఎండలో నిలబెట్టారు. మరో ఏడు అధ్యక్షుడి మీద ఎండ పడుతోందని ఆయన కుర్చీని చెట్టు నీడకు మార్చి, దాని ముందుకే గెలుపు గీతనూ మార్చారు. అందరికన్నా ముందు వస్తున్నవాడు పాతగీత దాటి దిగిపోయాడు, వెనకవాడు కొత్తగీత దాటి గెలిచాడు. "నీడ గావాలంటె కుర్చీ జరుపుకోవాలె గని, గీతెందుకు జరుపుతరు?" అని ఉస్తాద్ వారంపాటు వచ్చినవాళ్లందరినీ అడిగాడు. కమిటీని మాత్రం అడిగే దారి లేదు. అర్జీ పెడితే విచారించేది కూడా ఆ ఎనిమిదిమందే.

అందుకే కమిటీకి రాతగాడు కావాలన్నప్పుడు ఆయనే నన్ను పంపాడు. "రాసేటోడు మనోడైతె సాలు. రూలు పందానికి ముందుగాల రాయి, అందరు ఇనేటట్టు సదువు" అన్నాడు. ఆ ఏడు అలాగే చేశాను. పొద్దున జెండా ఊపేముందు పుస్తకంలోని నియమాలన్నీ గట్టిగా చదివాను. ఉస్తాద్ తలూపుతూ విన్నాడు. బరువు తగ్గాలని పందెగాళ్లు ఎప్పటిలాగే మడ్‌గార్డులు, క్యారియర్లు పీకేశారు. బాలయ్య గంట కూడా విప్పేశాడు.

బాలయ్య మొదట వచ్చాడు. అధ్యక్షుడి మేనల్లుడు రెండోవాడు. అతని విదేశీ సైకిలుకు గంట ఉంది. అధ్యక్షుడు నన్ను డేరా వెనక్కి పిలిచి, గంట లేని సైకిలు పందెంలో చెల్లదని రాయమన్నాడు. బాపు దుకాణం ఉన్న జాగ ఆయనదే. ఆ మాట ఆయన అనలేదు, అనవలసిన పనీ లేకపోయింది. రాశాను. పొద్దున రాసిన నియమాల కింద, అదే చేతిరాతతో.

బాలయ్య గెలుపు చెల్లదనగానే జనం మీదికి వచ్చారు. ఉస్తాద్ వాళ్లను ఆపి, పుస్తకం అందుకుని నావైపు తిరిగాడు.

"మున్షీ, నువ్వు చెప్పు. పొద్దుగాల గీ మాట ఉన్నదా?"

"ఉన్నది ఉస్తాద్. చదివేటప్పుడు తప్పిపోయింది."

ఆయన ఆ వరుస మీద బొటనవేలితో మెల్లగా రుద్దాడు. సిరా ఇంకా ఆరలేదు. వేలు నీలమైంది. దాన్ని జనానికి చూపిస్తే చాలు, కమిటీ పరువూ దక్కేది కాదు, నా ఒళ్లూ దక్కేది కాదు. ఆయన వేలు చూసుకున్నాడు, నన్ను చూశాడు, పిడికిలి మూశాడు.

"మున్షీ ఉన్నదన్నడు గద. ఉన్నట్టే. పోదాం పా బాలయ్యా."

ఎదురాడకుండా ఒప్పుకున్నాడు గనక రూలు తెలిసీ గంట పీకించాడని, ఉస్తాద్ మోసం చేయబోయి దొరికాడని ఊరు చెప్పుకుంది. నేను వింటూ ఊరుకున్నాను. ఆయన మళ్లీ పందెం ముఖం చూడలేదు. ఏడాది తర్వాత నా చక్రం వంకరపోతే, మరో దిక్కులేక ఆయన దగ్గరికే వెళ్లాను. చక్రం తిప్పి చూసి బాగుచేశాడు. తరువాత పెట్టెలోంచి ఒక గంట తీసి నా హ్యాండిల్‌కు బిగించాడు. పక్కన చిన్న సొట్ట చూసి గుర్తుపట్టాను. అది బాలయ్య సైకిలుది.

"గంట పెట్టిన మున్షీ" అన్నాడు. "రూలు గద."

ఆయన పోయి చాలాకాలమైంది. ఆ ఉదయం పుస్తకంలో గంట మాట లేదు. మధ్యాహ్నం రాసింది నేను. ఇప్పుడు ఏ సంఘంలో ఏ తీర్మానం రాసినా, అందరికీ వినిపించి, సిరా ఆరాకే పుస్తకం మూస్తాను. ఆ గంట ఇంకా నా సైకిలుకే ఉంది. దారికి ఎవరైనా అడ్డం వస్తే, దిగి నడుస్తాను.