గుట్ట మీద విన్న కచేరీ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. శ్మశానం పక్క పొలంలో ముప్పై ఏళ్లు కలుపు తీశాను, ఏదీ కనపడలేదు. అరవై దాటాక మనవరాలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి ఇది నా చేత్తోనే రాస్తున్నాను.

నిజాం రాజ్యం పోయిన ఏడాది, నాకు తొమ్మిదేళ్లు. మాదాపూర్ గుట్టల్లో మేకలు కాస్తున్నాను. మిట్టమధ్యాహ్నం. పెద్ద బండ అవతల ఏదో చప్పుడైతే తొంగి చూశాను.

నలుగురు కుర్చీల్లో కూర్చుని వాయిస్తున్నారు. ముగ్గురు వాయిద్యాలను భుజానికి ఆనించుకున్నారు. నాలుగో ఆమెది దాదాపు మనిషంత ఉంది, మోకాళ్ల మధ్య పెట్టుకుంది. అందరి ముందూ వెలుగుతున్న పలకలు. కాలితో కింద నొక్కితే పలక మీది రాత మారుతోంది.

అది పాటలా లేదు. బండి ఇరుసు కీచుమన్నట్టు, తేనెటీగలు ముసిరినట్టు ఉంది. మధ్యలో నాలుగో ఆమె తీగలు వదిలి, చెక్క మీద అరచేత్తో కొట్టింది. మూడు దెబ్బలు, కాస్త ఆగి రెండు, చాలాసేపు ఆగి ఒకటి.

వాళ్లకు ఎదురుగా, నాకు వీపు పెట్టి ఇద్దరు ముసలమ్మలు కూర్చున్నారు. ఒకామె వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది. జడుసుకుని పరిగెత్తాను. మా అక్క మల్లమ్మను వెంటబెట్టుకుని వచ్చేసరికి ఉత్త బండ.

నాకు తాయెత్తు కట్టారు. ఊరంతా నవ్వింది, అది మరిచిపోయాను. అక్క నమ్మకపోవడమే మనసులో ఉండిపోయింది. నేనేం చెప్పినా "పలకల ముచ్చటేనా?" అనేది. మనవలు పుట్టినా మానలేదు. బియ్యం చెరిగినప్పుడల్లా నా చెయ్యి చాట మీద ఆ వరసే కొట్టేది. ఏందే ఆ కొట్టుడని అక్క కసిరితే, గుట్ట మీద విన్నదే అనేదాన్ని.

రెండేళ్ల కింద, ఇప్పుడు ఆ గుట్టల మీదే లేచిన హైటెక్ సిటీలో తన ఆఫీసులో కచేరీ ఉందని మనవరాలు మా ఇద్దరినీ తీసుకెళ్లింది. వాయించడానికి వచ్చిన నలుగురు పాత పాటలు వాయించరట, ఈ కాలం వాళ్లు కట్టిన కొత్తవే వాయిస్తారట. భుజాన మూడు, మోకాళ్ల మధ్య ఒకటి. ముందు వెలిగే పలకలు. వాటిని చూసి అక్క నా వైపు తిరిగింది.

చివరిది పోయిన నెలలోనే పూర్తయిందని, ఇంతవరకు ఎవరి ముందూ వాయించలేదని చెప్పి మొదలుపెట్టారు. ఇరుసు కీచుమంది. తేనెటీగలు ముసిరాయి. కాసేపటికి పెద్ద వాయిద్యం ఆమె తీగల మీద లాగే కమాను ఒళ్లో పెట్టుకుంది. ఆమె చెయ్యెత్తకముందే నేను మోకాలి మీద కొట్టాను. మూడు. ఆమె కూడా అంతే కొట్టింది. రెండు. చివరి దెబ్బ నాతోపాటు అక్క కూడా కొట్టింది. ఇన్నేళ్లుగా నా చాట విన్నది కదా.

"గిదేనా చెల్లె? నిన్ను ఊకె సతాయించిన గదనే," అంది మెల్లగా.

"జర ఇననియ్యి అక్కా," అన్నాను.

అప్పుడు నవ్విన ముసలమ్మ గుర్తొచ్చి వెనక్కి తిరిగాను. అద్దాల గోడ. దాని అవతల, కొట్టకుండా వదిలేసిన ఆ పెద్ద బండ మీద మధ్యాహ్నపు ఎండ. అక్కడ ఎవరూ లేరు. అయినా అటువైపు మనసారా నవ్వాను.

ఇదెట్లా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఈ మధ్య బియ్యం చెరిగేటప్పుడు అక్క కూడా ఆ వరసే కొడుతోంది.