కత్తిరించిన ఈకలు

2004 ఎండాకాలం. ఏలూరులో ఒక కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో నేను స్లైడ్లు తయారుచేసేదాన్ని. సెలవులు కాబట్టి పిల్లలు లేరు, వరండాలో అడుగుల చప్పుడు లేదు. పొద్దున తాళం తీసి చిన్న ప్రార్థన చేసుకుని కూర్చుంటే, సాయంత్రం తాళం వేసేదాకా నాతో మాట్లాడేది మైక్రోటోమ్ ఒక్కటే. మైనంలో పొదిగిన కణజాలం ముక్కను ఆ యంత్రానికి బిగించి చక్రం తిప్పితే ఉల్లిపొర కంటే పల్చని పొరలు రిబ్బనులా వస్తాయి. వాటిని గోరువెచ్చని నీళ్ళమీద తేల్చి, గాజు పలకమీదికి ఎత్తి, రంగు పట్టిస్తే కణాలు కనిపిస్తాయి.

నేను బడి ముఖం చూడలేదు. చిన్నప్పుడు కాలికి వచ్చిన జబ్బువల్ల మా అమ్మే ఇంట్లో అక్షరాలు, లెక్కలు నేర్పింది. ప్రైవేటుగా పది కట్టించింది. ఆవిడ పోయాక అది మొదటి వేసవి. ఇంటికి వెళ్ళినా ల్యాబ్‌లో ఉన్నా ఒకేలా ఉండేది.

ఆ రోజుల్లోనే మస్తాన్ గారు వచ్చారు. తివాచీలు నేసే పెద్దాయన. కాలేజీ స్టేజీమీద పరిచే తివాచీ చిరిగినప్పుడల్లా వచ్చి బాగుచేసేవారు కనుక ముఖపరిచయం ఉంది. ఈసారి చేతిలో సూది లేదు, తువ్వాలు కప్పిన గంప ఉంది. తువ్వాలు తీస్తే బూడిదరంగు పావురం. రెండు రెక్కల చివర్లూ కత్తెరతో కోసినట్టు బోడిగా ఉన్నాయి.

"అమ్మా, దీని ఈకల్లో ప్రాణముందో లేదో మీ మిషన్లో చూసి చెప్తారా?"

"ఎవరు కోశారండీ?"

"నేనేనమ్మా." గంపలోకి చూస్తూ చెప్పారు.

ఆ పావురం ఆయన స్నేహితుడు సూర్యం గారిది. తాడేపల్లిగూడెంలో మేడమీద పావురాల గూళ్ళు కట్టుకుని బతికిన మనిషి. సంక్రాంతి వెళ్ళాక ఆయన పోయారు. బంధువులు ఇల్లు అమ్మేసి, గూళ్ళు పీకేసి, పావురాలన్నిటినీ ఎవరెవరికో ఇచ్చేశారు. మస్తాన్ గారు ఇదొక్కదాన్ని అడిగి తెచ్చుకున్నారు. పావురం పాత ఇంటిని మరిచిపోదు. అందుకని పెంచేవాళ్ళు కొత్తగా తెచ్చినదాని రెక్క ఈకలు కొన్ని పీకేస్తారు, అవి మళ్ళీ వచ్చేలోపు కొత్తచోటు అలవాటవుతుంది. మస్తాన్ గారికి ఈ సంగతి తెలుసు. చేతులే రాలేదు.

"పీకితే నొప్పి కదమ్మా. కత్తిరిస్తే నొప్పుండదు, జుట్టులాగా అదే పెరుగుతుందిలే అనుకున్నాను. నెలలు గడిచాయి, గోరంత పెరగలేదు. వీధిలో గండుపిల్లి ఉంది. గదిలో పెడితే గోడవైపు తిరిగి కూర్చుంటోంది. రెండ్రోజులుగా గింజ ముట్టలేదు. వాడి పావురాన్ని నా చేత్తో చంపేసేలా ఉన్నాను."

నాకు తెలిసింది స్లైడ్లు కొయ్యడమే. ఆ రోజు పై గదిలో మా జువాలజీ మేడమ్ పేపర్లు దిద్దుకుంటుంటే పిలుచుకొచ్చాను. ఆవిడ పావురం రెక్క విప్పి చూసి, నా వైపు తిరిగి, "కోడిపిల్ల ఈక స్లైడ్ పెట్టమ్మా" అన్నారు.

గుడ్డులో పెరుగుతున్న పిల్లలో, ఈక మొలుస్తున్న చోట అడ్డంగా కోసిన పొర అది. మస్తాన్ గారు ఒక కన్ను మూసి మైక్రోస్కోపులోకి చాలాసేపు చూశారు.

"పువ్వులా ఉందమ్మా. చుట్టూ రేకులు. ఈ డిజైను మా తాతలు నేశారు."

మేడమ్ కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పారు. చర్మంలో ఒకచోట కణాలు గుమిగూడి కాస్త మందమవుతాయి. దాన్ని ప్లాకోడ్ అంటారు, ఈకకు అది పునాది. అది మొగ్గలా లేచి, మొదలు చర్మంలోకి దిగి ఒక గుంత చేసుకుంటుంది. ఆ గుంత ఫాలికిల్. అందులోంచి గొట్టంలా ఈక పైకి వస్తుంది. గొట్టం గోడ లోపల ముడతలు పడుతుంది, పువ్వు రేకుల్లా కనిపించేవి అవే. ముడతకీ ముడతకీ మధ్యనున్న కణాలు చనిపోతాయి. అవి పోయిన సందుల్లోంచే ఈక పాయలుగా విడుతుంది. మిగిలిన కణాలు కెరాటిన్‌తో, అంటే మన గోళ్ళలో ఉండేలాంటి పదార్థంతో నిండి, గట్టిపడి, అవీ చనిపోతాయి.

"అంటే ఎగిరేది చచ్చిపోయిన వాటితోనా అండీ?"

"అవునండీ. జుట్టు కుదురు దగ్గర పెరుగుతూనే ఉంటుంది. ఈక అలా కాదు, తన పొడవుకి వచ్చాక ఆగిపోతుంది. మీరు కోసిన మోడు ఎన్నాళ్ళున్నా మోడే. అది రాలితేనే కొత్తది వస్తుంది. గుంత అడుగున జీవకణాలు మాత్రం ఉంటాయి, ఎదురుచూస్తూ."

పొలుసుకీ ఈకకీ పునాది ఒకటేననీ, గుడ్డులోని మొసలిపిల్ల చర్మంలోనూ అలాంటిదే మొదలవుతుందని కొందరంటారనీ ఆవిడ చెబితే మస్తాన్ గారు మొదటిసారి నవ్వారు.

"మొసలికీ మా పావురానికీ చుట్టరికమా అండీ! ఇది వింటే సూర్యం గాడు కొట్టేవాడు."

"చాలా దూరపు చుట్టరికం లెండి. పూర్వం కొన్ని డైనోసార్లకి ఒంటిమీద నూగు ఉండేది. ఒట్టి గొట్టాలు. ఎగరడానికి కాదు, బహుశా వెచ్చదనానికి. అవి కుచ్చులయ్యాయి, తర్వాత కొమ్మలు, కొక్కేలు వచ్చాయి. ఎగరడం చివర్న వచ్చింది."

"ముందు స్వెట్టరు, తర్వాత విమానం అన్నమాట."

ముందు వెచ్చదనం అన్న మాట నాకు మనసులో ఉండిపోయింది. అంత ఓపికగా చేసినవాడికి స్తోత్రం చెప్పుకున్నాను.

మర్నాడు పశువుల ఆసుపత్రికి పావురంతో కలిపి ముగ్గురం వెళ్ళాం. గుంతలో ప్రాణముందో లేదో తేలాలంటే ఒక్క మోడు తీసి, కొత్తది వస్తుందేమో చూడటమే దారి అన్నారు డాక్టరుగారు. ఆయన లాగుతుంటే మస్తాన్ గారు గోడవైపు తిరిగి నిలబడ్డారు, అచ్చం ఆ పావురంలాగే. చిన్న నెత్తుటి చుక్క వచ్చి ఆగింది. మేత ముట్టేదాకా నానబెట్టిన గింజలు నోట్లో పెట్టమన్నారు డాక్టరుగారు.

కొన్నాళ్ళకి ఆయన గంపతో పరుగున వచ్చారు. తీసినచోట నీలంగా ఒక ముల్లు. పిన్ ఫెదర్ అంటారు దాన్ని. లోపల నెత్తురు పారుతున్న లేత ఈక, పైన తొడుగు. పావురం నా చేతిలోంచి రెండు జొన్నగింజలు తనంతట తానే పొడుచుకు తింది.

"మిగతావి కూడా లాగించేద్దామా అండీ?" అన్నాను.

"వద్దమ్మా. వాటంతటవే రాలనివ్వండి. మేమిద్దరం కూర్చుంటాం."

ఈకలు రాలే కాలం ఎలాగూ వచ్చింది. వానలు పడినన్నాళ్ళూ ఒక్కొక్క మోడే రాలింది, ఒక్కొక్క ముల్లే లేచింది. రాలిన ప్రతి మోడునూ ఆయన తెచ్చి నా బల్లమీద పెట్టి, టీ తాగి, సూర్యం గారి కబుర్లు చెప్పి వెళ్ళేవారు. ఆ కబుర్లకోసం నేను పని తొందరగా ముగించుకునేదాన్ని.

రెక్కలు నిండిన రోజు ఆయన ముఖంలో సంతోషం లేదు.

"ఇప్పుడు వదిలితే తాడేపల్లిగూడెం పోతుందమ్మా. అక్కడ గూడు లేదు, వాడూ లేడు. రెక్క కట్టేయనా?"

ప్రార్థన చేస్తానన్నాను, చేశాను. ఆయన నా జవాబు కోసం ఆగలేదు. మర్నాడు డాబా ఎక్కి చేతులు విప్పేశారు. పావురం రెండు చుట్లు తిరిగి తూర్పుకి వెళ్ళిపోయింది. చీకటి పడ్డా తిరిగి రాలేదు. ఖాళీ గంప తెచ్చి నా బల్ల పక్కన పెట్టి, "ఇక్కడుంచండమ్మా, ఇంట్లో చూడలేను" అన్నారు.

ఆ ఆదివారం ఆయన పాసింజరు ఎక్కి తాడేపల్లిగూడెం వెళ్ళారు. పావురాన్ని తెచ్చుకున్నాక మళ్ళీ ఆ ఊరి ముఖం చూడలేదట. పావురం ఆ మేడ పిట్టగోడమీదే కూర్చుని ఉంది. ఇల్లు కొన్నవాళ్ళు తరమలేదు సరికదా, మూకుడులో నీళ్ళు పెట్టారు. మస్తాన్ గారు పట్టుకోబోలేదు. గింజలు చల్లి, కూర్చుని, వచ్చేశారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళారు. "వాడింటికి వెళ్ళడానికి మళ్ళీ ఒక వంక దొరికిందమ్మా" అన్నారు.

ఒకసారి చర్చి అయ్యాక నేనూ రైలెక్కాను. ఆ ఇల్లాలు తలుపు తీసి, మస్తాన్ గారి వెనకున్న నన్ను చూసి, "ఈవిడెవరండీ?" అని అడిగింది.

"మన పావురం తరఫువాళ్ళండి" అన్నారాయన, పెళ్ళివారిని పరిచయం చేసినట్టు.

ఆవిడ నవ్వి, లోపలినుంచి ఇంకో కుర్చీ తెచ్చి మేడమీద వేసింది. అమ్మ పోయాక నేను ఒకరి తరఫు మనిషిని కావడం అదే మొదలు.

అంతకుముందు ఎన్నో ఈక స్లైడ్లు కోశాను. ఆ గుంతల అడుగున ఎదురుచూసే కణాలు ప్రతిదాంట్లోనూ ఉండేవి, నేను రంగు పట్టించి పక్కన పెట్టేసేదాన్ని. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పేటప్పుడు ఆ స్లైడ్ పెట్టి, ముందు పువ్వు చూడమంటాను. తర్వాత రేకుల మధ్య సందులు చూడమంటాను. మోడు కథ మాత్రం వాళ్ళు అడిగితేనే చెబుతాను. గంప ఇంకా నా బల్ల పక్కనే ఉంది.