ఎర్ర పెన్సిల్

ముప్పయ్యేళ్లు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసి రిటైరైన బెర్నిస్ స్టాంకో, మా ఊరి బేస్‌బాల్ మైదానంలో మూడో బేస్ వెనక, ప్రేక్షకుల మొదటి వరసలో, ఒళ్లో దుప్పటి, దాని మీద స్కోరు పుస్తకం పెట్టుకుని కూర్చుంటుంది. ఆటంతా మామూలు పెన్సిల్‌తోనే రాస్తుంది. మా ఊరి జట్టువాడు బంతి జారవిడిచాడా, చెవి వెనకున్న ఎర్ర పెన్సిల్ తీసి, వాడి పేరుకెదురుగా తప్పు గుర్తు కాగితం చిరిగేలా గీస్తుంది. ఈ ఏప్రిల్‌లో మొదటి నాలుగు ఆటలూ గెలిచి ఆశపెట్టారు. ఆ తర్వాత వరసగా ఆరు ఓడారు. ఎర్ర పెన్సిల్ అప్పుడే సగానికి అరిగింది.

మంగళవారం సన్నగా మంచు పడుతోంది. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య కాపుకాసే మా షార్ట్‌స్టాప్ కుర్రాడి చేతిలోంచి తేలికైన బంతి జారిపోయింది.

“చేతులా అవి, జల్లెడలా? మా అమ్మమ్మ పట్టేదిరా దాన్ని!” బెర్నిస్ లేచి నిలబడి అరిచింది.

“పోనీలేవే, చలికి వేళ్లు కొంకర్లు పోయుంటాయి,” అన్నాడు పక్క సీటు గస్.

“నోర్ముయ్ గస్! చలి వాడొక్కడికేనా? నేనేమైనా పొయ్యి పక్కన కూర్చున్నానా?”

తర్వాతి ఇన్నింగ్స్‌లో బ్యాటు అంచుకి తగిలిన బంతి పక్కకెగిరి సరాసరి ఆమె మీదికే వచ్చింది. రెండు చేతులూ చాచింది. అరచేతుల్లో పడ్డ బంతి ఎగిరి, కంచె దాటి, మళ్లీ మైదానంలోకి దొర్లిపోయింది. దాన్ని తీసింది ఆ కుర్రాడే. తీసి, ఆమె వంక చూశాడు.

“చలికి వేళ్లు...” గస్ మొదలుపెట్టాడు.

“నోర్ముయ్ అన్నానా!”

బెర్నిస్ ఎర్ర పెన్సిల్ తీసింది. ఆ కుర్రాడి పేరు కింద తన పేరు రాసి, ఎదురుగా కాగితం చిరిగేలా గీసింది.