బావ పోయింది

మా బావ కుట్టుమిషన్ల మెకానిక్. ముప్పై ఏళ్లుగా అదే గది, అదే బల్ల, అదే నూనె డబ్బా. మిషన్ విప్పకుండానే చప్పుడు విని జబ్బేమిటో చెప్పేస్తాడు. మనుషుల విషయంలో మాత్రం అంత చెవి లేదని నేను ఆటపట్టిస్తుంటాను. మరదలిని కదా, ఆ మాత్రం హక్కు నాకుంది.

పొద్దున్నే లేచి ఆయన చేసే మొదటి పని, ఫోనులో మా బంధువుల గ్రూపు తెరిచి ఒక పువ్వు బొమ్మ పెట్టడం. అక్క వైపువాళ్లూ ఆయన వైపువాళ్లూ కలిపి యాభై మందికి పైనే ఉంటాం. ఎవరి పుట్టినరోజైనా, ఎవరికి జ్వరం వచ్చినా అందరికంటే ముందు ఆయన బొమ్మే పడాలి. "యాభైమంది ఉన్నారే నా వెనక," అనేవాడు, అదేదో సైన్యమైనట్టు.

ఆ ఫోను మొన్న బస్సులో పోయింది.

అప్పుడు బావ మొహం చూడాలి! చంటిపిల్లను బస్సులో మరిచి దిగినవాడిలా ఉన్నాడు. "ముందు గ్రూపులో చెప్పవే, కంగారు పడతారు," అని నా ప్రాణం తీశాడు. నేను నా మిషన్ బాగు చేయించుకుందామని ఆయన షాపులోనే ఉన్నాను. రెండు చేతులకీ నూనె. అందుకని నోటితో చెప్పాను, మనం చెప్పింది ఫోనే రాసుకుంటుంది కదా. "బావ ఫోన్ పోయింది. చేసినా ఎత్తరు. కొత్తది కొన్నాక చెప్తాను." పక్కన బావ ఇంకో మిషన్ టకటకా తొక్కుతున్నాడు. పంపేసి మరిచిపోయాను. ఆ గ్రూపు గోల పడలేక ఈమధ్యే దాని నోరు నొక్కేశాను, అందుకని తర్వాత వచ్చినవేవీ నాకు వినపడలేదు.

అక్కది గ్రూపులు రాని పాత మీటల ఫోను. అందుకే మూడోరోజు బావ ఉండబట్టలేక మా ఇంటికొచ్చాడు. "ఏమంటున్నారే అందరూ? ఒక్కసారి చూపించు."

తీసి ఇచ్చాను. చూశాడు. తడుముకుంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఏమైందోనని ఫోను తీసుకుని నేనూ చూశాను. నేను పంపింది ఇలా ఉంది: "బావ పోయింది. చేసినా ఎత్తరు. కొత్తది కొన్నాక చెప్తాను."

మధ్యలో ఉన్న ఫోను అనే మాటను ఆ టకటక మింగేసింది. కింద నలభై మూడు జతల జోడించిన చేతులు.

పోయిందట! మగమనిషిని పోయాడంటారు, పోయారంటారు, పోయిందని ఎవరైనా అంటారా? పోనీ, కొత్తది కొంటామని కూడా ఉందే! కొత్త బావను ఏ కొట్టులో అమ్ముతారు? ఇంతమందిలో ఎవరికీ అనుమానం రాలేదు. బావ సొంత అన్నగారైతే చేతులు జోడించి, ఐదు నిమిషాలు తిరక్కుండా ఏదో నవ్వుల వీడియో పెట్టారు. అక్కకు ఒక్క ఫోను రాలేదు. మూడు రోజుల్లో వాళ్ల గడప తొక్కినవాళ్లు లేరు.

"చచ్చిపోయానే నేను," అన్నాడు బావ మెల్లగా. "చచ్చిపోతే ఇంతేనన్నమాట."

ఏదో ఒకటి అని నవ్విద్దామనుకున్నాను. ఆ చేతులనే మళ్లీ లెక్కపెడుతూ ఉండిపోయాను. తప్పు నాది, కోపం మాత్రం ఆ నలభై ముగ్గురి మీద.

బావ మళ్లీ ఫోను తీసుకుని ఒక్కొక్కరినే చూడసాగాడు. అన్ని చేతుల మధ్య ఒకే ఒక్క మాట కనపడింది. "ఏది పోయింది తల్లీ?" అని అడిగింది బావ పిన్ని. చిన్నప్పుడు ఆయనకు కాళ్లు అందకపోతే పీట వేసి మిషన్ తొక్కడం నేర్పిన మనిషి. ఈ వయసులోనూ బట్టలు కుట్టుకుంటూ, ఆయన షాపుకు రెండు వీధుల అవతల ఒంటిగదిలో ఉంటుంది.

"చూశావా, చదివింది పిన్ని ఒక్కతేనే," అని కళ్లు తుడుచుకున్నాడు. ఆవిడ ఇంకేమైనా రాసిందేమోనని వెతుక్కుంటూ గ్రూపులో పాత మెసేజీల్లోకి వెళ్లాడు. నెలన్నర కిందటిది దొరికింది.

"నా మిషన్ పోయింది నాయనా. నాలుగు రోజులుగా తిరగడం లేదు. వీలు చూసుకుని ఒకసారి రా."

దాని కింద కూడా వరసగా జోడించిన చేతులే. మొట్టమొదటివి బావవి. పైగా "చాలా బాధాకరం" అని కూడా రాశాడు. నాలుగో జత నాది.

పోయింది అన్నంతవరకే చూశాడన్నమాట. ముప్పై ఏళ్లుగా మిషన్లు బాగుచేస్తున్నవాడు, పాడైన మిషన్‌కు సంతాపం చెప్పి ఊరుకున్నాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. తన చావు చూసుకున్నప్పుడు కూడా అంత పాలిపోలేదు. షాపుకు పరుగెత్తి పనిముట్ల సంచీ భుజాన వేసుకున్నాడు. నేనూ వెంటపడ్డాను.

పిన్ని కిటికీ పక్కన కూర్చుని చేత్తో అంచు కుడుతోంది. చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టుకుని ఉంది. మమ్మల్ని చూసి, "ఏరా, పోయింది ఫోనేనా?" అంది.

బావ మిషన్ ముందు కూలబడి అడుగుభాగం విప్పాడు. తెగిన దారప్పోగులు లోపల చుట్టుకుని బిగుసుకుపోయాయి. వాటిని లాగేసి నాలుగు చుక్కలు నూనె వేస్తే చక్రం తిరిగింది. పది నిమిషాల పని.

"ఒక్క ఫోన్ కొట్టొచ్చుగా పిన్నీ!" అని అరిచాడు. అరుస్తూనే ఏడ్చేశాడు.

"కొడదామనే అనుకున్నాన్రా. నువ్వుండగా ఇంకొకళ్లని పిలవడానికి మనసొప్పలేదు," అంది ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ. "కానీ నువ్వు రెండు చేతులూ జోడించావుగా. నీకో దణ్ణం, నన్నొదిలెయ్యి అన్నావేమో అనుకున్నా నాయనా."