కాలు తగిలినందుకు

నిన్న మ్యాచ్ అయ్యాక, వానలో నానిన ఫుట్‌బాల్‌ని ఒళ్ళో పెట్టుకుని తుడుస్తుంటే ఆ తడి తోలు వాసనకి అల్లుడు గారు గుర్తొచ్చారు. నాకు అల్లుడు కాదు లెండి, మా రామచంద్రపురానికంతటికీ అల్లుడే. పేరు కోనర్, ఐర్లాండ్ మనిషి. కుర్రతనంలో ఆటే ఉద్యోగంగా బతికారు. అక్కడ నర్సుగా పనిచేసిన మా ఊరి భవాని గారిని పెళ్ళాడి, ఆట మానేసిన పదేళ్ళకి ఒక ఏడాది అత్తారింట్లో ఉందామని వచ్చారు. తెలుగు అత్తగారి దగ్గర నేర్చుకున్నారేమో, వీధి కుక్కని కూడా "పక్కకి వెళ్ళండి" అనేవారు.

నేను ఊళ్ళో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. సాయంత్రాలు ఆయన మా పిల్లలకి ఆట నేర్పడానికి వచ్చేవారు. నా నోరు ఊరుకోదు కదా! "ఎన్ని గోల్స్ కొట్టారండి?" అని అడిగాను. "రెండండి. అందులో ఒకటి మా గోల్లోనే" అని పకపకా నవ్వారు. ఆయన పని గోల్ కొట్టేవాళ్ళని ఆపడమట. మంచులో ప్రాక్టీసు, బెంచీ మీద కూర్చునే గడిచిపోయిన ఏడాది, అన్నీ చెప్పేవారు. "మరి ముప్ఫై నిండకుండానే ఎందుకు మానేశారండి?" అంటే మాత్రం, "కాఫీ ఉందాండి?" అనేవారు. ఆ సంగతేంటో తెలుసుకోవాలని నాకు ఒకటే ఆరాటం.

ధవళేశ్వరంలో మ్యాచ్. గెలిస్తే జిల్లా పోటీలకి వెళతాం. ఆఖరి నిమిషాల్లో మా సత్యవేణి కాలు అవతలి పిల్లకి తగిలింది. ఈ పిల్ల ఠక్కున ఆగి, ఆ పిల్ల భుజం ముట్టుకుని కళ్ళకద్దుకుంది. ఈలోగా వాళ్ళ జట్టులో ఇంకో పిల్ల వచ్చి బంతిని మా గోల్లోకి తన్నేసింది. ఓడిపోయాం. నాకు ఒళ్ళు మండిపోయింది. "బుద్ధుందా నీకు? ఇది ఆటా, పేరంటమా?" అని అందరి ముందూ కడిగేశాను.

"కాలు తగిలిందండి, టీచర్" అని వెక్కివెక్కి ఏడ్చింది.

కోనర్ గారు నన్ను పక్కకి పిలిచి, ఆ పిల్ల చేసిందేంటని అడిగారు. ఎవరికైనా కాలు తగిలితే మేం అలా చేస్తామని, చిన్నప్పటినుంచీ అలవాటని చెప్పాను.

"ఎంతసేపు పడుతుందండి?"

"ఎంతండీ, ఒక్క క్షణం."

ఆయన మైదానం పక్కనున్న మెట్టు మీద కూలబడ్డారు. "నేనొక కుర్రాడి కాలు విరగ్గొట్టానండి. కోపంతో, కావాలనే. ఎర్రకార్డు చూపించి బయటికి పంపేశారు, వచ్చేశాను. వెనక్కి తిరిగి చూడలేదు. అతను మళ్ళీ ఆడలేదు. ఆ తర్వాత బంతి కోసం ఎవరి దగ్గరికి వెళ్ళాలన్నా నా కాలు ముందుకి పడేది కాదు, అందుకే మానేశానండి."

"ఇప్పుడైనా ఫోన్ చెయ్యచ్చు కదండీ?"

"తిడతాడండి."

"తిట్టనివ్వండి" అన్నాను. ఆ మాట నోటి నుంచి వచ్చాకగానీ సత్యవేణి గుర్తు రాలేదు నాకు. సిగ్గేసింది.

సోమవారం పిల్లలందరినీ నిలబెట్టి, "తప్పు నాదే తల్లీ, నిన్ను అలా అనాల్సింది కాదు" అన్నాను సత్యవేణితో. "పర్లేదండి" అని తల దించుకుంది. అప్పుడే కోనర్ గారు వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "చేశానండి. గంటసేపు తిట్టాడు. ఆఖర్న, అక్కడ వానలు పడుతున్నాయా అని అడిగాడు."

కోనర్ గారూ భవాని గారూ ఐర్లాండ్ వెళ్ళిపోయి చాలా కాలమైంది. ఆట ఆడుతుండగా ఆగొద్దనీ, విజిల్ మోగాక మాత్రం కాలు తగిలినవాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళాల్సిందేననీ నా పిల్లలకి చెబుతుంటాను. నిన్న నేను బంతి తుడుస్తుంటే, మోకాళ్ళదాకా బురదతో మా పిల్ల ఒకతి అవతలి జట్టు ఆటో దాకా పరుగెత్తింది. లోపలికి తొంగి చూస్తూ ఒక్కొక్కరినీ అడుగుతోంది: "ఇందాక నా కాలు తగిలింది మీకేనాండీ?"