తుమ్మజిగురుతో అంటించిన పువ్వు

బీరువా తలుపు తీయగానే కలరా ఉండల ఘాటుతో పాటు ఎండుటాకుల వాసన కొడుతుంది. పడమటి కనుమల వర్షారణ్యాల్లో, కాళ్లకి పట్టిన జలగలు పీకేసుకుంటూ ముప్పయ్యేళ్లు తిరిగి పోగుచేసిన చిన్న చిన్న మొక్కలు అందులో ఉన్నాయి. రాతి చెమ్మకి మొలిచే కాశీతుంబ జాతివే ఎక్కువ. ఒక్కోదానికి వేరు, ఆకు, పువ్వు సరిచూసి, ఏ కుటుంబానిదో తేల్చి, అట్టకి కుట్టాను. ఆ పనిలో నేను పొరపడనని పేరుంది. ఆ పేరు వెనక ఒక తప్పుంది.

జగ్గయ్యపేటలో నేను ఎనిమిదో తరగతి చదివేటప్పుడు, మా సైన్సు మాస్టారు దానియేలు గారు ఆదివారం ప్రార్థన అయ్యాక మమ్మల్ని వేదాద్రి దారిలో గుట్టలకి తీసుకెళ్లేవారు. తొలకరికి తడిసిన ఎర్రమన్ను వాసన, బండల సందుల్లో వేలెడంత మొక్కలు, అమ్మ మూటకట్టిన జొన్నరొట్టె, గోంగూర పచ్చడి, తెచ్చిన మొక్కల్ని పాత పేపర్ల మధ్య పరిచి పైన ఇటుకలు పేర్చడం, అదే మా ఆట. మా అక్క మార్తమ్మ కూడా వచ్చేది. అయిదుతో బడి మానేసి మిరపచేలల్లో కలుపుకి పోతున్న అక్క, పూత రాకముందే ఆకు నలిపి వాసన చూసి ఏ మొక్కో చెప్పేసేది.

"మీ అమ్మతో మాట్లాడి ఈ పిల్లని మళ్లీ బళ్లో వేయిస్తా" అన్నారు మాస్టారు. నాకు కడుపు మండింది.

ఆ వారమే నాకొక కొత్తరకం మొక్క దొరికింది, కానీ పువ్వు లేదు. పువ్వు లేనిది మాస్టారు పక్కన పెట్టేస్తారు. చేలగట్టు మీది నీలం పువ్వొకటి తెంచి తుమ్మజిగురుతో దానికి అంటించి, ఎండబెట్టి ఇచ్చాను. ఇలాంటిది ఎక్కడా చూడలేదని మాస్టారు మురిసిపోయి, మూడు ఆదివారాలు వానలో గొడుగేసుకుని గుట్టంతా వెతికారు. చివరికి, రేకులు విప్పి చూద్దామని నా ముందే దాన్ని వేడినీళ్లలో వేశారు. జిగురు కరిగి పువ్వొక్కటే పైకి తేలింది.

"ఎవరి పనిరా ఇది?"

"మా అక్కదండీ."

మాస్టారు మా ఇంటికి రాలేదు. అక్క బడికి పోలేదు. నేను నందిగామ, ఆపైన గుంటూరు వెళ్లి చదువుకున్నాను. ఏ మొక్క చేతికొచ్చినా ముందు తొడిమ దగ్గరే చూసేవాణ్ణి.

పోయిన నెల పేట వెళ్లాను. మాస్టారు ఎప్పుడో పోయారు. గుట్ట సగం సిమెంటు రాయికి తవ్వేశారు. ఆ బండలూ లేవు, వాటి సందుల్లో ఏవి మొలిచేవో చెప్పగలిగినవాళ్లూ లేరు, అక్క తప్ప. ఈసారి చెప్పకుండా తిరిగి రాకూడదని గట్టిగా అనుకునే వెళ్లాను. గుమ్మంలో చింతపండు గింజలు తీస్తున్న అక్క పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను.

"తెలుసులేరా. మర్నాడే మాస్టారు చేలోకొచ్చి అడిగారు. నేనే అంటించానని చెప్పా."

"ఎందుకక్కా?"

"నిన్ను బళ్లోంచి తీసేస్తారేమోనని. నాకెటూ కలుపుంది గదా, నీకేముంది?" గింజ తీసి చేటలో వేసింది. "దీన్ని ఇన్నేళ్లు మోశావా, ఎర్రిమొగమా!"

ఇంటికొచ్చి, అచ్చుకి పంపాల్సిన నా పుస్తకం ముందుమాట చింపేసి మళ్లీ మొదలుపెట్టాను. మొదటి వాక్యం రాయడానికి ఆ రోజంతా పట్టింది: నాకు మొక్కలు నేర్పింది మా అక్క మార్తమ్మ, ఆమెని బడికి దూరం చేసింది నేను.